పంటి బిగువు

ఆ రాత్రి కరేలియాలో చలి ముదిరి
సరస్సు మంచు మూలిగింది.
ఆవలి ఒడ్డున మొదలైన చప్పుడు
మా సౌనా నేల కిందుగా దొర్లి
ఈవలి రెల్లులో ఎక్కడో ఆగింది.
హిల్యా వదినకూ నొప్పి అలాగే వచ్చి పోతోంది,
చప్పుడొక్కటే లేదు.

నాకు పద్నాలుగేళ్లు.
మంత్రసాని సైమి నాకిచ్చిన పని ఒక పిడికిలి.
వదిన నడుం కింద, వెన్ను తోకై ముగిసే చోట
వచ్చినప్పుడు నొక్కాలి, పోగానే తీసెయ్యాలి.
ఎంత గట్టిగా అంటే
"తలుపవతల తోడేలుందనుకో" అంది.

కాలిన రాళ్ల మీద నీళ్లు చిలకరించేదీ నేనే.
"శనివారం మగాళ్లకు పోసినట్టు కాదు,
పసిబిడ్డ నెత్తిన పోసినట్టు పొయ్యి."
ఆవిరి మెల్లగా లేచి
మసిగోడల తారువాసన వెంటబెట్టుకుని
వదిన వీపు మీద కూర్చునేది.
ఆ చలికాలంలో ఇంత వెచ్చటి చోటు, ఇంత శుభ్రమైన చోటు
మాకు ఇంకోటి లేదు.
మేం ఏడుగురం పుట్టిందీ,
తాతకు ఆఖరి స్నానం చేయించిందీ
ఈ పలకల మీదే.

ఏడు కాన్పులకూ అమ్మ కిక్కురుమనలేదని
చర్చి మెట్ల మీద ఇప్పటికీ చెప్పుకుంటారు.
కొత్త కోడలికి ఆ మాట చాలదూ?
నా పిడికిలికి తెలుస్తూనే ఉంది,
దవడలో బిగిసిందంతా
నడుంలోకి దిగి బిగుస్తోంది.

సైమి ఆమెను లేపి నిలబెట్టింది,
మెడ చుట్టూ చేతులు వేయించుకుని ఊగింది,
తాగినవాళ్లిద్దరు సంత నుంచి ఇంటికెళ్తున్నట్టు.
మోకాళ్ల మీద వంచి
లేని మురికిని తుడిపించింది.

అప్పుడు అమ్మ వేణ్నీళ్లు తెచ్చింది.
ఎవరూ చూడట్లేదనుకుని
ఏప్రన్ జేబులోంచి ఓ చెక్కగరిటె తీసి
వదిన చేతిలో పెట్టింది.
దీపం వెలుగులో చూశాను,
పిడి పొడుగునా పంటిగాట్లు,
పాతబడి నల్లబడ్డవి కొన్ని, లోతుగా దిగినవి కొన్ని.

సైమి దాన్ని లాక్కుని పొయ్యిలో వేసింది.
"నోరు బిగిస్తే కిందా బిగుస్తుంది, తల్లీ.
పెదాలు వదులు. కీచుగా వద్దు,
అడుగు నుంచి, బరువుగా అను."
అమ్మ ఏమీ అనలేదు.
తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

తర్వాతి నొప్పికి వదిన నోరు తెరిచింది.
ముందు గాలి. దాని వెనక
పొడవాటి ఒక "ఊ".
పాకలోంచి ఆవు బదులు పలికింది.
అంత నొప్పిలోనూ వదినకు నవ్వొచ్చింది.
నా పిడికిలి కింద
నడుం మొదటిసారి మెత్తబడింది.

నొప్పి పోలేదు.
పోతుందని సైమి ఒక్కసారీ చెప్పలేదు.
దానికి వెళ్లే దారి దొరికింది, అంతే.
వదిన ఊ అంటే ఆవు ఊ అనేది.
తెల్లారుజామున ఆవు నిద్రపోయింది కాబోలు,
అయినా బదులు వస్తూనే ఉంది,
దగ్గరగా, తలుపుచెక్కకు ఆనుకున్నంత దగ్గరగా.
నీళ్లచెంబు పట్టుకుని అలాగే వింటున్నాను.
సైమి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.
అడక్కని.

ఏమెలి అన్న మంచు బూట్లతో వచ్చేసరికి
పరిచిన గడ్డి మీద కొడుకు
తడితడిగా కాళ్లాడిస్తున్నాడు.
ఎక్కడ నిలబడాలో తెలీక
అన్న బకెట్ బోర్లించి కూర్చున్నాడు.

నా పిడికిలి మాత్రం విచ్చుకోలేదు.
అమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి
ఒక్కో వేలే తీస్తూ
"గొంతు బొంగురుపోయింది, చలికి" అంది.