నాలుగంగుళాలు

మొదటి నెలంతా నా చెయ్యి కప్పలా గెంతింది.
సి మేజర్ నుంచి ఎఫ్ మేజర్‌కి ఒక గెంతు,
అక్కణ్నుంచి జి మేజర్‌కి ఇంకో గెంతు,
మధ్యలో పాట వెళ్ళి కాలవలో పడేది.

"చెయ్యి ఎత్తకండి అంకుల్" అంది కెజియా.
పంతొమ్మిదేళ్ళ పిల్ల. కృష్ణలంకలో కరకట్ట పక్క మేడమీద గది.
ఆదివారాలు చర్చిలో వాయిస్తుంది,
మిగతా సాయంత్రాలు నాలాంటి మొండివేళ్ళని భరిస్తుంది.
"ఏ మైనర్‌కి వెళ్ళాలంటే ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు.
బొటనవేలు అక్కడే. మధ్యవేలు అక్కడే.
చిటికెనవేలొక్కటి పక్కమెట్టుకి జరగాలి, అంతే."

జరిపాను.
గదిలో దీపం ఎవరో కొంచెం తగ్గించినట్టయింది.

ఈ సంగతి నాకు ముందే తెలిసుండాల్సింది.
ఇరవయ్యారేళ్ళుగా బెజవాడ యార్డులో
పాయింట్లకి గ్రీజు రాస్తున్నవాణ్ని.
నాలుక పట్టా నాలుగంగుళాలు ఒరిగితే చాలు
కాజీపేట పోవాల్సిన బండి గుడివాడ దారి పడుతుంది.
బండినెవడూ ఎత్తి పక్కన పెట్టడు.
పైబెర్తు మీద నిద్రపోయేవాడు
తలగడ కాస్త జారిందనుకుని మళ్ళీ ఒత్తిగిలుతాడు.

ఇది చెబితే కెజియా నవ్వలేదు,
తన నోటుపుస్తకంలో రాసుకుంది.

మా క్వార్టర్లో కీబోర్డు ఇస్త్రీబల్ల మీద ఉంటుంది.
పెళ్ళిళ్ళ రోజుల్లో రాజ్యం చీరలు పాలిష్ పడుతుంది గనక
బల్ల నా చేతికొచ్చేసరికి రాత్రి పది.
అప్పటికింకా వెచ్చగానే ఉంటుంది,
గంజి వాసన వేస్తుంటుంది.
ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను ఊరేగుతుంటే
ఆవిడకి వినిపించేది మెట్ల టకటక ఒక్కటే.
"బియ్యంలో రాళ్ళేరుతున్నట్టుంది మీ సంగీతం" అంటుంది.

ఇక ఎడమచెయ్యి.
ఒక వానరాత్రి పాయింటు కడ్డీ కింద నలిగిన చెయ్యి.
మధ్యవేలూ ఉంగరపువేలూ అప్పట్నుంచీ
ఒకే గొడుగు కింద నడిచే అన్నదమ్ములు,
కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి.
సెవెంత్ కార్డు వెయ్యబోతే
పిలవని పేరంటానికి ఒకటి వచ్చి కూర్చుంటుంది.
వారం రోజులు వేడినీళ్ళలో ముంచాను. తిట్టాను కూడా.

కెజియా ఆ చేతిని చూసి ఏమైందని అడగలేదు.
"ఐదోది వదిలెయ్యండి" అంది.
"మూలస్వరం, మూడోది, ఏడోది. ఈ మూడూ చాలు.
ఐదోది మీ చెవే వేసుకుంటుంది."
వదిలేసి వాయించాను.
నిజమే, లేనిది అక్కడుంది.

సైకిల్ మీద ఇంటికొస్తూ నాకు నేనే నవ్వుకున్నాను.
స్టేషన్లో మైకు ఏనాడైనా ముక్కలన్నీ పలికిందా?
"...నుండి ... వెళ్ళు ... ఆరవ నంబరు..."
మిగతాదంతా గరగర.
అయినా అందరూ సంచులెత్తుకుని సరైన బండే ఎక్కుతారు.

నిన్న రాత్రి ఒంటిగంటకి గూడ్సు కూత.
ఇన్నేళ్ళూ కూతని కూతగానే విన్నాను.
ఇయర్‌ఫోన్లు తీసి వెతికితే
అందులో రెండు స్వరాలు దొరికాయి, రెండూ నల్లమెట్లే.
దాని కింద ఒక తెల్లమెట్టు కలిపితే మేజర్,
పైన ఇంకో నల్లమెట్టు కలిపితే మైనర్.
అంటే ఆ బండి సంతోషంగా పోతోందో దిగులుగా పోతోందో
లోకో పైలట్ ఇంకా తేల్చలేదు,
ఆ మూడోది నా దగ్గరుంది.

కిందా? పైనా?
వేలు గాల్లోనే ఉంది.

నేను తేల్చుకునేలోపు బండి కృష్ణ వంతెన ఎక్కేసింది.
వంతెన తనకి తోచిందేదో వాయిస్తోంది.
రాజ్యం నిద్రలోనే అడిగింది,
"ఆపేశారేం?"