నెరిస్ తొట్టి

గోడ అవతలి నెరిస్
స్నానాల గదిలో తొట్టిని పీకించి
పెరట్లో నేలమట్టానికి పాతిపెట్టింది.
"మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు గెథిన్,
మునిగేవాళ్ళు మునుగుతార్లే" అంది.

గడ్డి కోస్తామని ఎవరైనా వస్తే కత్తెర దాచేసేది.
ఎండిన ఆపిల్ కొమ్మలు మూలన కుప్పేసి
ఎవరూ తగలబెట్టకుండా
విరిగిన కుర్చీ ఒకటి కాపలా పెట్టింది.
తొట్టిలోకి కుళాయి నీళ్ళు కూడదట, వానే కావాలట.
ఈ వేల్స్ కొండల కింద వానకేం కొదవ,
మూడు రోజుల్లో నిండింది.
ఎక్కడానికీ దిగడానికీ మెట్లుగా
మా పాత ఇటుకలు నేనే పేర్చాను,
లోపల నవ్వుకుంటూ.

రెండు చలికాలాలు ఆకులు తప్ప ఎవరూ రాలేదు.

మూడో ఫిబ్రవరిలో, తెల్లవారకముందే
చీపురుకర్రతో మా కిటికీ మీద కొట్టింది.
సగ్గుబియ్యం జావలా గుడ్లు,
గింజగింజకీ ఒక నల్లచుక్క.
టార్చి పట్టుకుని ఇద్దరం
పురిటిగది బయట నిలబడ్డట్టు నిలబడ్డాం.

తోకలు కరిగి కాళ్ళు మొలిచిన వారమే
కొంగ దిగింది.
బూడిదరంగు కోటు, తొందరలేని మెడ.
ఒకటి.
ఆగింది.
మరొకటి.
నేను కర్ర పట్టుకుని గోడెక్కాను.
వంటింటి కిటికీలోంచి నెరిస్
వద్దని చెయ్యి అడ్డంగా ఊపింది.
ఏడుస్తోంది, అయినా చెయ్యి దించలేదు.

తర్వాత టీ పోస్తూ అంది:
"పిలిచినప్పుడు
ఫలానావాళ్ళే రావాలని రాయలేదుగా."

నాకంత పెద్దమనసు లేదు.
మర్నాడు ఆమె సంతకు వెళ్ళాక
తొట్టి అంచున ఇంకో నాలుగు ఇటుకలు పెట్టాను,
కింద
గోరంత కప్ప దూరే సందులు వదిలి.