లైన్ క్లియర్

డిసెంబరులో పదిహేడు రోజులు సెలవు అడిగాను.
"కారణం" అన్నచోట పెళ్ళి లేదు, జ్వరం లేదు,
"మెక్సికోలో అగ్నిపర్వతాలు ఎక్కుటకు" అని ఉంది.
ఏఈ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"ఏటి సన్నాసిరావూ, టెక్కలిలో స్తంభాలు సాల్లేదా?"

ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్నాను.
ఏ స్తంభమూ పదకొండు మీటర్లు దాటలేదు.
ఆ మాట పైకి అనలేదు.

ఈ పిచ్చి ముందు పట్టింది లోలాక్షి టీచరుకి.
ఆడపిల్లల బడిలో డ్రిల్లు చెబుతుంది.
బడి గ్లోబు మీద గోళ్ళరంగుతో మూడు చుక్కలు పెట్టింది.
ఆ పేర్లకి మా నోళ్ళు తిరగవు, మావి మేం పెట్టుకున్నాం:
వెల్లకిలా పడుకున్నది తెల్లావిడ,
ఇప్పటికీ కక్కుతున్నది పొగకొండ,
దాని దగ్గరికి ఎవర్నీ పోనివ్వరు.
అన్నిటికన్నా పొడుగుది చుక్కకొండ,
మూడు ముప్పావు మహేంద్రగిరులు.
పైన మంచు, పొగ లేదు.
మా మేనత్త దాలమ్మ అడ్డపొగ పెట్టినట్టు
నిప్పు లోపలికి తిప్పుకుని నోరు మూసుకుంది.

ఆదివారాలు మందస మీంచి మహేంద్రగిరికి పోతాం.
నా సంచీలో పద్నాలుగు కిలోల పింగాణీ ఇన్సులేటర్లు.
ఆవిడ సంచీలో షాట్‌పుట్ గుళ్ళు.
మేకల కాపరి గంగులు మా సంచీలు ఎత్తి చూసి
"ఇయ్యి కొండ మీద దించేసి రాడానికేనా?" అని అడిగాడు.
లేదు, మళ్ళీ మోసుకొచ్చేస్తాం అన్నాం.
ఆ తర్వాత అతను మాతో మాటాడలేదు.

చలి మాత్రం ఇక్కడ దొరకదు.
భావనపాడులో ధనుంజయ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి
దిమ్మల మధ్య గంటసేపు కూచున్నాం,
లావు తొడుగుల్తో బూట్లకి ముళ్ళపట్టీలు కడుతూ, విప్పుతూ.
బయటికొస్తే ఆగస్టు ఎండ.
రెండు రోజులు ఒంటిమీద వంజరం వాసన.

గున్నమ్మ పలాసలో జీడిపిక్కలు కొడుతుంది,
జీడి కాల్చిన చేతివేళ్ళు, లెక్కల్లో గట్టిది.
పీఎఫ్ లోను కాగితం చదివించుకుని
"పడిపోతే నీ ఉజ్జోగం నాకిస్తారా?" అంది.
డ్యూటీలో కాదు గదా, ఇవ్వరన్నాను.
"అయితే పడకు" అని
తాటిబెల్లం పాకంలో జీడిబద్దలు పోసి
ఒక్కోటి యాభై గ్రాములకి కోసింది.

సామాన్ల తూకం లోలాక్షి టీచరు ఇంట్లో.
టూత్‌బ్రష్షుల పిడులు సగానికి విరిచేసింది.
నా సంచీ అడుగున కటింగ్ ప్లయరు దొరికింది,
ఎర్ర రబ్బరు ఊడిపోయింది, పావుకిలో.
"మంచులో తీగలేం కత్తిరిస్తారు?"

అది తవుడుది.
తుఫాను ఏడు, వజ్రపుకొత్తూరు దారిలో,
కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకున్న నాడు
లైన్ క్లియర్ ఉందన్నారు, ఎక్కాడు.
ఎవరో, ఎక్కడో, తొందరపడి స్విచ్చి వేశారు.
కింద తాడు పట్టుకున్నది నేను.

ఇది ఆవిడకి చెప్పలేదు.
ఆవిడ ప్లయరుని కాసేపు చేతిలో ఉంచుకుని
మళ్ళీ నా సంచీలోనే పెట్టింది,
తన సంచీలోంచి అద్దం, రెండో స్వెట్టరు తీసేసింది.

చల్లారిన కొండ అంటారు పుస్తకాల్లో.
మాకు అలా నేర్పలేదు.
తీగ చల్లగా ఉన్నా చచ్చిందనుకోవద్దు,
ముందు అడుగు,
అడిగి, భూమికి గొలుసు వేసి, అప్పుడు ముట్టుకో.
మరి ఆ కొండకి అడగాల్సింది ఎవర్ని?

నిన్న రాత్రి డ్యూటీలో నిద్రపట్టక
సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాను.
లింగరాజు ఎత్తాడు.
ఎల్‌సీ కావాలన్నాను.
"ఏ ఫీడరు?"
పర్వతం అసలు పేరు చెప్పాను,
నెలరోజులుగా అద్దం ముందు పలుకుతున్నది.
లైన్లో కాసేపు ట్రాన్స్‌ఫార్మరు హోరు.
"మెల్లిగా చెప్పు మావా,
రిజిస్టర్లో రాయాల."