ఆచితూచి

ఈ దేశంలో డబ్బు పేరు లారీ.
నా దగ్గర నూట పదకొండు లారీలున్నాయంటే
మనవాళ్ళు ట్రాన్స్‌పోర్టు కంపెనీ పెట్టాననుకుంటారు.
నూట పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను.
పరుపుల కంపెనీ వాళ్ళు పంపేదాకా, అంటే
ఇరవై ఆరో తేదీ దాకా, ఇవే.

కుతాయిసిలో, రైలు స్టేషను వెనక,
ఎతేరి ఇంట్లో చివరి గది నాది.
అద్దెలో మంచం ఉంది, కిటికీ ఉంది,
పోయిన ఆయన ఓవర్‌కోటు ఉంది, వేసుకోవచ్చు.
"గ్యాసు వేరే" అంటుంది ఎతేరి,
మా మధ్య ఉన్న ఇరవై మాటల్లో
రెండు ఖర్చుపెట్టి.

పొద్దున్నే ఆ కోటు తొడుక్కుని
పరుపుల గురించి రాస్తాను.
మాటకి నాలుగు తెత్రీలు, నూరు తెత్రీలైతే ఒక లారీ.
మెత్తని పరుపు అంటే ఏం గిట్టుబాటవుతుంది?
మెత్తని, అతి మెత్తని, మేఘంలాంటి పరుపు అంటే
ఒక చిన్న ఉల్లిపాయ.
బొత్తిగా అక్కర్లేని పేరా ఒకటి సాగదీస్తే
నుగ్జారి మట్టిపొయ్యి గోడ మీంచి
అప్పుడే ఊడదీసిన రొట్టె.
దాన్ని కోటులోపల పెట్టుకుని నాలుగు వీధులు నడుస్తాను.
తినకముందే సగం పని చేసేస్తుందది.

రాత్రిది వేరే నోటుబుక్కు.
అందులో మాటకి ఏమీ రాదు.
పొద్దున సాగదీసిన చేత్తోనే
రాత్రి తుంచుతూ కూర్చుంటాను.
మాటలు ఆచితూచి వాడమన్నారు పెద్దలు,
కిలో ఎంతో చెప్పలేదు.
నిన్న ఒక్క పద్యంలో తొమ్మిది మాటలు కొట్టేశాను.
ముప్పై ఆరు తెత్రీలు! అని అరిచింది
లోపల్నుంచి పొద్దుటి మనిషి.

ఎనిమిదేళ్ళుగా ఇంతే. ఊరు మారుతుంది,
చలి మారుతుంది, నాణేల మీద బొమ్మలు మారతాయి.
స్వేచ్ఛ అంటారు దూరంనుంచి చూసేవాళ్ళు.
కావచ్చు.
నాకైతే ఎక్కువగా,
ఈ పంటినొప్పిని ఏ దేశందాకా వాయిదా వెయ్యొచ్చు
అనే ఆలోచన.

వంతెన దిగగానే ఝుఝునా అనే ముసలావిడ
కాటా ఒకటి ముందేసుకుని కూర్చుంటుంది.
ఇరవై తెత్రీలిస్తే నీ బరువు నీకు చెబుతుంది.
ఎవరికి కావాలి అనుకునేదాన్ని రోజూ.
గురువారం ఎందుకో ఐదు మాటలు ఆమె చేతిలో పోసి
ఎక్కి నిలబడ్డాను.
యాభై నాలుగు.
ఆమె ఒప్పుకోలేదు. కోటు తియ్యమంది.
సంచి దించమంది. చేతిలో నోటుబుక్కు మిగిలితే
అదీ లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.
నలభై ఎనిమిది.
చలిలో అలా నిలబడ్డ నన్ను
కిందనుంచి పైదాకా చూసి ఏదో అంది.
అది మా ఇరవై మాటల్లో లేదు.
అయినా అర్థమైంది.

తర్వాత నోటుబుక్కు తెరిచింది.
ఆ గుండ్రటి అక్షరాలు తమవేననుకుని
కళ్ళు చికిలించి ఒకచోట వేలు పెట్టి
"ఇ" అంది, గట్టిగా, గెలిచినట్టు.
అది నా "గ".
రెండో అక్షరం దగ్గర ఆగిపోయింది.
బొటనవేలూ చూపుడువేలూ రాపాడించి
ఎంతిస్తారు దీనికి? అని అడిగింది.
నేను ఖాళీ అరచెయ్యి చూపించాను.

నమ్మలేదు.
పుస్తకాన్ని కాటా మీద పెట్టింది, వంగి చూసింది.
ముల్లు కదల్లేదు.
తీసి, ఇటు తిప్పి, నెమ్మదిగా మళ్ళీ పెట్టింది.
ముల్లు అక్కడే.

కాటాని ఒక్కటి చరిచి
"పాతదైపోయింది" అంది ఝుఝునా,
నా వంక చూడకుండా.

ఆ రాత్రి ఇంకో మూడు మాటలు కొట్టేశాను.
గ్యాసు వెలిగించలేదు.