కింది మర

నలభై నిమిషాలకోసారి
పడవ గొంతు సవరించుకుంటుంది.
అడుగున చిన్న పంపు గుర్రుమని లేచి
దోసెడు నీళ్లు సరస్సులోకి ఉమ్మి
మళ్లీ పడుకుంటుంది.
పక్క పడవలోంచి తూరె లెక్క చెబుతాడు:
"నిన్న యాభై. ఇవాళ నలభై."

దీని పేరు కుయిక్కా.
మా సైమా సరస్సులో ఇక్కడ మునిగి
ఎక్కడో తేలే పక్షి పేరు.
మునగడం ఇంటిపేరుగా ఉన్నదాన్ని
ఏరికోరి కొన్నాను, ఏడు వేసవుల కిందట,
పెంటికైనెన్ దగ్గర.

సముద్రం వాళ్లది సుఖం.
వేలు ముంచి నాలుకకి రాసుకుంటారు,
ఉప్పగా ఉంటే బయటిది, చప్పగా ఉంటే ట్యాంకుది.
మాకు వానా చప్పనే, సరస్సూ చప్పనే,
ఇంజన్ని చల్లార్చి వచ్చే నీళ్లూ చప్పనే.
నాలుక సాక్ష్యం చెల్లదు.

నీరు పల్లమెరుగు, సరే.
ఎటునుంచి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పదు.
ఎక్కడో దూరి, పక్కటెముక వెంట పాకి,
బ్యాటరీ పెట్టె కింద ఒక కునుకు తీసి
వెనక మూల తేలుతుంది
అక్కడే పుట్టినట్టు.

మొదట షాఫ్టుని అనుమానించాం.
మైనం రాసిన తాడు కొత్తది చుట్టాం.
తర్వాత గొట్టాలు, ఒక్కో క్లిప్పూ.
తర్వాత కిటికీ రబ్బరు, పాపం, దానికేం తెలుసు.
స్పాంజితో అడుగంతా తుడిచి
బంగాళాదుంప పిండి చల్లి
టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాను,
దొంగ అడుగుజాడ కోసం.
నా మోచేతి గుర్తులే దొరికాయి.
రెండు గంటలకి పిండంతా ఒక్కసారే జావైంది.

పెంటికైనెన్‌ని తిట్టని రాత్రి లేదు.
రెండో వేసవిలో ఉత్తరమే రాశాను:
మీరు అమ్మింది పడవ కాదు, జల్లెడ.
జవాబు రాలేదు.

"లోపలికి వచ్చే దారి తెలియకపోతే
బయటికి పోయే దారి అడుగు," అన్నాడు తూరె.
ట్రైలర్ మీదికి లాగి ముక్కు పైకెత్తాం.
వాళ్లావిడ ఐలి బీట్‌రూట్లు ఉడికించిన నీళ్లు
రెండు బకెట్లు మోసుకొచ్చింది.
వాటికి ఆరు బకెట్లు మామూలు నీళ్లు కలిపి
పడవలో పోశాం, మా చేత్తో మేమే.
ముగ్గురం తడిగడ్డి మీద వెల్లకిలా,
ఆకాశానికి బదులు పడవ కడుపు చూస్తూ.
పావుగంట. దోమలు. చల్లారిన కాఫీ.
ఐలి నవ్వడం ఆపి వేలు చూపించింది.

వెనక పలక మీద
లోతు కొలిచే పరికరం బిగించిన చోట
మూడు మరల్లో కింది మర చుట్టూ
ఎర్రటి చెమ్మ.
చుక్కయింది.
రాలింది.

ఆ మర నాది.
కొన్న వేసవిలోనే, ఒక సాయంత్రం.
డ్రిల్లు నాది, చెయ్యి నాది.
ట్యూబులో సీలెంట్ రెండు మరలకే వచ్చింది.
దుకాణం మూసేశారు.
మూడోదానికి రేపు, అనుకున్నాను.
ఆ రేపు ఏడేళ్లు కారింది.

తిప్పితే పుచ్చుపన్నులా ఊడొచ్చింది.
వెనకాల చెక్క నల్లగా, నానిన టీపొడిలా.
వంకీ తీగతో గీకి గీకి తీశాం.
ఐలి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం
మూడు రోజులు దాని నోట్లోనే పెట్టాం.
ఎపాక్సీ నింపి, అది రాయయ్యాక
అందులోనే మళ్లీ తొలిచి,
కొత్త ట్యూబు కోసి,
మర చుట్టూ తెల్లగా పొంగేదాకా బిగించాను.
పొంగింది వేలితో తుడిచి
ప్యాంటుకి రాసుకున్నాను. ఇంకా పోలేదు.

నీళ్లలోకి దింపిన రాత్రి
నలభై నిమిషాలు. ఎనభై.
పంపు లేవలేదు.
తూరె పడవలో దీపం ఆరలేదు,
అతనూ లెక్కపెడుతున్నట్టున్నాడు.

పొద్దున్నే పెంటికైనెన్‌కి ఫోన్ చేశాను.
జల్లెడ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక
పేరు చెప్పి ఊరుకున్నాను.
ఆయన కాసేపు దగ్గాడు.
"చలికి ఇంకా రెండోసారికే స్టార్టవుతోందా?"
"మూడోసారికి," అన్నాను.