తొమ్మిది బి బోర్డు

అబ్బాసియాలో ఆ రోజు దుమ్ముగాలి.
కిటికీ రెక్కల సందుల్లో తడిగుడ్డలు కుక్కుతూ
తొమ్మిది బి బయట నేను.
ఆరేళ్లుగా ఈ వరండా నాది,
తుడిచినంత మేరా.
ఇంగ్లీషు నాకు రాదనే అనుకుంటారంతా.
బకెట్టుకి చెవులుండవు కదా.

లోపల లీలామ్మ టీచరు
గోడమీద ఒక పాత కాగితం బొమ్మ వేసింది.
వరసగా పేర్లు. పేరు పక్కన వయసు,
వయసు పక్కన చేసే పని.
ఒక దర్జీ. ఒక మంత్రసాని.
నాలుగేళ్ల పిల్లకి, పని అనే గడిలో, చిన్న గీత.
"వీళ్లందర్నీ ఒక్క వారంలో చంపేశారు" అంది.
మొత్తం ఎంతమంది అని అడిగారు పిల్లలు,
పరీక్షకొస్తుందేమోనని.
ఆవిడ లెక్క చెప్పలేదు.
"చేతిరాత చూడండి" అంది.

తలుపు సందులోంచి నేనూ చూశాను.
ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.
బాగా చదువుకున్నవాడే రాసుంటాడు,
స్కేలు పెట్టి గళ్లు గీసి,
మధ్యలో భోజనానికి లేచి, చెయ్యి కడుక్కుని,
మళ్లీ వచ్చి కూర్చుని.
రాజోలు అవతల మా బళ్లో, ఏడో తరగతి దాకా
నా రాతని కోడిగెలుకుడు అనేవారు మాస్టారు.
చదివితే మనిషివవుతావే అని
మా అమ్మ అన్న మాట
తడిగుడ్డతో పాటు చేతిలో బరువెక్కింది.

"అంతకుముందు ఎన్నో ఏళ్లు
వాళ్లని పిలవడానికి వేరే మాటలుండేవి" అంది టీచరు.
"అలాంటివి మీరు విన్నవి, వచ్చి రాయండి.
ఎవరన్నారో చెప్పక్కర్లేదు."
కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవడో నవ్వాడు.
వెనక బెంచీలోంచి ఇస్మత్ అనే పిల్ల లేచింది.
ఇక గంట కొట్టేదాకా ఆగలేదు.

బస్సులు వెళ్లిపోయాక
బోర్డు తుడవడానికి నేను.
మలయాళం, హిందీ, అరబ్బీ, తెలుగు,
అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే.
కూడబలుక్కుని చదివాను.
నల్లగా ఉన్నందుకో మాట, మొక్కే దేవుడికో మాట.
మా పేటకున్న మాట కూడా సముద్రం దాటొచ్చింది,
వీసా ఎవరిచ్చారో.
నడుమ ఎర్రగా: కద్దామా.
పనిమనిషి అనేగా అర్థం,
పిలిచే గొంతులో ఏముందో వినకపోతే.

దాని కింద మూలకి, చిన్నగా: బంగాలీ.
అక్కడ ఆగాను.
అది దేశం పేరేగా, భాష పేరేగా.
కానీ రాసినవాళ్లు ఎక్కడ విన్నారు?
నాలుగింటికి పసుపు చొక్కా అతను చెత్తకొస్తాడు.
"ఏయ్ బంగాలీ, జల్దీ" అని
వెనక గేటు దగ్గర రోజూ అరిచే గొంతు
ఈ బడిలో ఒక్కటే.

నాదే.

తుడిచాను. ఒక్క తుడుపుకే పోయింది.
కద్దామా పోలేదు.
ఏ పిల్లో తెలియక చెరగని మార్కరు వాడినట్టుంది.
స్పిరిట్ పోసి రుద్దితే గులాబీ రంగు నీడ మిగిలింది.
నన్నన్నది అంత లోతుకి దిగింది,
నేనన్నది పైపైన పోయింది అనుకున్నాను.
అలా అనుకోవడం సుఖంగానే ఉంది.
అందుకే నమ్మలేదు.

మర్నాడు పిల్లలు ఎప్పట్లానే
తడినేల తొక్కుకుంటూ పోయారు.
గుంటూరువాళ్ల ప్రణీల్ మాత్రం గోడవారగా నడిచి
"ఆంటీ, మీ పేరేంటి" అన్నాడు.
దీవెనమ్మ.
డివైనమ్మా అని పలికాడు. సరిదిద్దలేదు.
వారం తిరక్కుండా మళ్లీ ఆయానే.
పాఠం వంటబట్టలేదు వాడికి అందామంటే
నా ఒంటికే ఇంకా పట్టలేదు.

నాలుగింటికి పసుపు చొక్కా వచ్చింది.
పేరడగాలనే వెళ్లాను.
ఆరేళ్లయ్యాక పేరడగడమంటే
ఎత్తుకొచ్చిన చెంబు తిరిగివ్వడానికి
పట్టపగలు ఆ గుమ్మం ఎక్కడమే.
నోరు రాలేదు.
చెత్తబస్తా రెండో చెవి పట్టుకున్నాను.
అతను బిత్తరపోయి చూశాడు.
బడిలో ఏదో పోయిందనుకున్నాడేమో,
బస్తా దించి
జేబులు రెండూ బయటికి తిరగేసి
చూపించాడు.