అపోలో అని వెతికినవాళ్లు

అక్రాలో మా ఆఫీసు కిటికీకి సముద్రం కనిపించదు,
వాసన మాత్రం వస్తుంది.
నా పని చెప్పుకోడానికి చిన్నది:
ఈ దేశం అర్ధరాత్రి దేనికోసం వెతుకుతోందో లెక్కపెట్టడం.
పేర్లుండవు, ముఖాలుండవు.
ఊరు, వారం, ఒక గీత.

రెండేళ్లు ఆ గీత లేవలేదు.
కళ్లకలకని పుస్తకాల పేరుతో వెతికాను,
డాక్టర్ల పేరుతో వెతికాను,
విదేశీ పత్రికలవాళ్లు 'గులాబి కన్ను' అంటారు, అలా కూడా.
కన్ను మండుతున్నప్పుడు
గులాబి ఎవరికి గుర్తొస్తుంది?

ఆ రోజు పొద్దున్నే మా మేనత్త కోర్కోర్,
పులిసిన మొక్కజొన్న ముద్దలు ఆకుల్లో చుట్టి అమ్మే మనిషి,
పుసులతో రెప్పలు అతుక్కుపోయి
గోడ తడుముకుంటూ వచ్చి కూలబడి
"అపోలో వచ్చిందే" అంది.

చిన్నప్పట్నించీ విన్న మాటే.
మనుషులు చందమామ మీద దిగిన ఏడాది
ఈ నగరంలో కళ్లన్నీ ఎర్రబడ్డాయట.
ఆ దుమ్మే ఇక్కడ రాలిందని ఎవరో నవ్వులాటకి అన్నారట.
నవ్వు పోయింది, పేరు మిగిలింది.

ఆ మాట కొట్టి చూశాను.
తోక తొక్కినట్టు లేచింది గీత.

జూలైలో మళ్లీ లేచింది. కంగారుపడ్డాను.
తీరా చూస్తే బడిపిల్లల హోంవర్కు.
చంద్రుణ్ణి చూడాలనుకున్నవాళ్లూ
కన్ను తెరవలేనివాళ్లూ
నా తెర మీద ఒకే గీత.

విడదీయడానికి ఆ మాట పక్కనున్న మాటలు ఏరాను:
ఎన్ని రోజులు. ఉప్పునీళ్లు. చనుబాలు వెయ్యొచ్చా.
రేపు పరీక్ష ఉంది.
చూస్తే అంటుకుంటుందా.

అక్కడ ఆగాను.
లేదమ్మా, చూపుకి అంటదు,
చేతికి అంటుతుంది, తువ్వాలుకి, తలగడకి,
అని పైకే అన్నాను.
జవాబు రాయడానికి నాకు గడి లేదు.

అక్టోబరులో కేటా దగ్గర గీత కదిలింది.
ఆస్పత్రి కాగితం రావడానికింకా పదకొండు రోజులు.
ఫోన్ చేశాను. జిగ్బోడి అనే నర్సు ఎత్తింది.
"ఇక్కడేం లేదండీ."
కాసేపు బల్లలు జరిగిన చప్పుడు.
"ఉండండి, బెంచీ మీద నలుగురున్నారు.
చుక్కల మందు ఒకటే సీసా ఉంది, పంపగలరా?"
గీతలు పంపగలను నేను.

ఇంకోటి కూడా చెప్పాలి.
ఆ మాట నాకిచ్చిన అత్త ఆ గీతలో లేదు.
ఆమె ఎప్పుడూ ఏదీ వెతకలేదు.
చేపల పొగలో పగలంతా నిలబడే ఆడవాళ్లు లేరు,
వాళ్లకి ఎర్రకన్ను రోగమో పనో తెలీదు.
గీత పడుకున్న చోట జబ్బు లేదని పైవాళ్లకి రాశాను ఒకసారి.
ఛార్జింగ్ లేదేమో, ఫోనే లేదేమో,
రెండు కళ్లూ మూసుకుపోయాయేమో.
ఎంత ఎక్కువైతే అంత కనిపించరు నాకు.

ఇవాళ నా ఎడమకంట్లో ఇసుక.
తెల్లారకముందే, తెలిసి తెలిసి,
ఒంటికంటితో టైపు చేశాను:
అపోలో, ఎన్ని రోజులు.

ఈ చుక్కని లెక్కలోంచి తీసెయ్యాలా, ఉంచాలా?
ఎటూ తేలక కూర్చున్నాను.
"దగ్గరికి రాకత్తా" అంటే
"నాకొచ్చి పోయిందిలే" అంటూ
తన తువ్వాలు తీసి వేరే మేకుకి తగిలించి
తెర వెలుగుకి నా ముఖం తిప్పి చూసింది.
"ఏం వెతుకుతున్నావే అమేర్లే, ఆ కన్నుతో?"